టస్కెగీ బడి – బుకర్ టి. వాషింగ్టన్ జీవితము

1881వ సంవత్సరము జూన్ మాసమున ఇరువదియైదేండ్ల యువకుడొకడు అమెరికా దక్షిణభాగమునందలి అలబామా రాష్ట్రములో టస్కెగీ అను చిన్న పట్టణమున అడుగుపెట్టెను. ఆ యూరిలో నల్లజాతివారి పిల్లలకొరకు ప్రభుత్వము మంజూరు చేసిన ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడుగా అతడు వచ్చెను. తీరా వచ్చి చూడగా పాఠశాల యెక్కడను లేదు. భవనము లేదు, స్థలము లేదు, బల్ల లేదు, పుస్తకము లేదు. శాసనసభవారు ఏటికి రెండువేల డాలర్లు మంజూరు చేసిన మాట నిజమే. కాని ఆ సొమ్మును ఉపాధ్యాయుల జీతములకు తప్ప మరి దేనికిని వాడరాదని నిబంధన. అక్కడ సమృద్ధిగా ఉన్నదొక్కటే: చదువు కావలెనని ఎదురుచూచుచున్న జనము. ఆ యువకుడే బుకర్ టి. వాషింగ్టన్.

ఆయన కథను మన పత్రికలో వ్రాయుటకు నాకొక కారణము కలదు. వేరొక భాష మాటలాడు జనము నడుమ తెలుగు బడిని నిలుపుకొనుచున్న మనకు, బడి యనగా నేమి, అది యెవరిది, అను ప్రశ్నలు క్రొత్తవి కావు. ఆయన పడిన కష్టముల ముందు మన కష్టములు దూదిపింజలు; వానిని పోల్చుట నా యుద్దేశము కాదు. అయినను ఏమియు లేని చోట బడి యెట్లు పుట్టునో, అది ఊరివారందరి సొత్తు ఎట్లగునో తెలిసికొనుటకు ఇంతకంటె తగిన జీవితము నాకు కనబడలేదు.

బుకర్ 1856వ సంవత్సర ప్రాంతమున వర్జీనియా రాష్ట్రములోని ఒక పొగాకు కమతమున బానిసగా పుట్టెను. బానిసల పుట్టినదినములను వ్రాసిపెట్టు ఆచారము లేకుండుటచే తన పుట్టిన తేదీ ఆయనకు నిశ్చయముగా తెలియదు. తండ్రి ఎవడో తెల్లవాడని వినుటయే కాని ఎఱుగడు. తల్లి జేన్ యజమాని యింటి వంటకత్తె. దుంగలతో కట్టిన వంట గుడిసెయే వారి నివాసము. దానికి మట్టినేల, ఆ నేల నడుమ చిలగడదుంపలు దాచు గొయ్యి. బానిస పిల్లలకు తొడుగుకొనుటకిచ్చు అవిసెనార చొక్కా క్రొత్తలో ముండ్లవలె ఒంటికి గ్రుచ్చుకొనెడిది. అన్న జాన్ ఆ చొక్కాను తాను కొన్నాళ్లు తొడిగి మెత్తబరచి తమ్మునికిచ్చెను. ఆ యుపకారమును బుకర్ ముసలివయసు సమీపించువరకు మరువలేదు. యజమాని కుమార్తె బడికి పోవునపుడు ఆమె పుస్తకములను మోసికొని వాకిలివరకు పోవుట అతని పనులలో నొకటి. లోపల బాలబాలికలు వరుసగా కూర్చుండి చదువుకొనుటను అతడు బయటినుండియే చూచెను. బానిసకు చదువు చెప్పుట ఆ రోజులలో నేరము.

1865లో అంతర్యుద్ధము ముగిసి బానిసలకు విడుదల కలిగెను. అప్పటికే పారిపోయి పశ్చిమ వర్జీనియాలో స్థిరపడిన మారుతండ్రి కబురుపంపగా, ఆ కుటుంబము కొండలు దాటి వందల మైళ్లు పయనించి మాల్డెన్ అను ఊరు చేరెను. అక్కడ ఉప్పు కాచు బట్టీలలో పని. మారుతండ్రి నింపిన పీపాలపై అధికారి వేయు గుర్తు 18 అను అంకె. బుకర్ మొట్టమొదట నేర్చిన అక్షరజ్ఞానము అదియే. తల్లికి చదువు రాదు. అయినను ఎక్కడనుండియో ఒక అక్షరమాల పుస్తకమును సంపాదించి కుమారుని చేతికిచ్చెను. ఊరిలో నల్లవారికి బడి పెట్టినపుడు, తెల్లవారుజామునుండి తొమ్మిది గంటలవరకును, మరల బడి విడిచిన పిమ్మటను పనిచేసినచో పోవచ్చునని మారుతండ్రి ఒప్పుకొనెను. బడియు తొమ్మిదింటికే తెరతురు. దూరమో కొంత కలదు. బాలుడు ఉపాయము పన్ని, బట్టీ కచ్చేరిలోని గడియారపు ముల్లును ప్రతిదినము ఎనిమిదిన్నరనుండి తొమ్మిదికి త్రోయసాగెను. కొన్నాళ్లకు అధికారి కనిపెట్టి గడియారమును పెట్టెలో పెట్టి తాళము వేసెను. ఇది చేయదగిన పని యని నేననుట లేదు. ఆయనయే ఈ తప్పును దాచక తన యాత్మకథలో వ్రాసికొనెను.

బడిలో మరియొక చిక్కు వచ్చెను. హాజరు పిలుచువేళ తక్కిన పిల్లలందరికి రెండేసి పేర్లుండెను. ఇతనికి బుకర్ అను పేరొక్కటియే. తన వంతు వచ్చునంతలో ఆలోచించుకొని, ఉపాధ్యాయుడు అడుగగానే బుకర్ వాషింగ్టన్ అని ధైర్యముగా చెప్పెను. ఇంటిపేరును తానే పెట్టుకొన్నవాడు ఈయన!

బొగ్గుగనిలో పనిచేయునపుడు హాంప్టన్ అను పాఠశాలను గూర్చి ఇరువురు గనిపనివారు మాటలాడుకొనుట చెవినిబడెను. బీదవిద్యార్థులు పనిచేసి తమ ఖర్చును తీర్చుకొనవచ్చునట. 1872లో ఇంచుమించు ఐదువందల మైళ్ల దూరమును కొంత బండిపై, కొంత కాలినడకను సాగించెను. రిచ్మండు నగరము చేరునప్పటికి చేత పైసా లేదు. వీధి ప్రక్కనున్న చెక్క కాలిబాట క్రింద దూరి పండుకొని, పగలు ఓడనుండి ఇనుము దించు కూలిచేసి, యాబది సెంట్లతో హాంప్టన్ చేరెను. దుమ్ముకొట్టుకొనియున్న ఆ బాలుని చేర్చుకొనుటకు ప్రధానోపాధ్యాయురాలు వెంటనే యొప్పుకొనలేదు. కొన్ని గంటలు గడచిన పిమ్మట ప్రక్క గదిని ఊడ్వుమని చెప్పెను. అతడు ఆ గదిని మూడుమార్లు ఊడ్చి, నాలుగుమార్లు తుడిచెను. ఆమె రుమాలుతో బల్లలను, గోడలను రాచి చూడగా ధూళికణమైనను అంటలేదు. అదియే ఆయన ప్రవేశ పరీక్ష. అంతకుముందు మాల్డెన్‌లో రఫ్నర్ అను దొరసాని యింట పనిచేయుచు నేర్చిన శుభ్రత ఇట్లక్కరకు వచ్చెను.

హాంప్టన్ నెలకొల్పిన జనరల్ ఆర్మ్‌స్ట్రాంగ్ శిష్యుడై 1875లో చదువు ముగించి, మాల్డెన్‌లో కొన్నాళ్లు ఉపాధ్యాయుడుగా నుండి, తిరిగి హాంప్టన్‌లోనే పనిచేయుచుండగా టస్కెగీనుండి పిలుపు వచ్చెను. ఆ పిలుపు వెనుక ఇద్దరు పురుషులుండిరి. ఒకడు లూయిస్ ఆడమ్స్: ఒకప్పుడు బానిస, రేకుపని, చెప్పులపని, జీనుపని నేర్చిన చేతిపనివాడు. ఎన్నికలలో నల్లవారి ఓట్లకొరకు వచ్చిన అభ్యర్థిని అతడు డబ్బడుగలేదు, ఉద్యోగమడుగలేదు. మా పిల్లలకు బడి కావలెనని యడిగెను. రెండవవాడు జార్జి కాంప్‌బెల్: ఒకప్పుడు బానిసలకు యజమానియైన తెల్ల వర్తకుడు. వీరు ప్రధానోపాధ్యాయునికొరకు ఆర్మ్‌స్ట్రాంగునకు వ్రాసినపుడు తెల్లవాడినే పంపునని తలచిరి. ఆయన వాషింగ్టన్ పేరు సూచించెను; వారును కాదనలేదు.

బడి తెరచుటకు ముందు నెలదినములు ఆయన చుట్టుపట్ల పల్లెలు తిరిగెను. రైతుల గుడిసెలలోనే తినెను, అక్కడనే పండుకొనెను. ప్రత్తి పైరు గుడిసె గడపవరకు వచ్చియుండెను కాని కూరపాదు ఒక్కటియు లేదు. ఒక యింట అరువది డాలర్ల వాద్యమును వాయిదాలపై కొని ఉంచిరి; భోజనమునకు కూర్చున్న ఐదుగురికిని ముల్లుగరిట ఒక్కటే. ఇవి చూచి ఆయన నవ్వలేదు. ఈ జనమునకు ఎట్టి చదువు కావలెనో యని ఆలోచించెను. పాఠ్యప్రణాళిక వ్రాయుటకు ముందు విద్యార్థుల యిండ్లను చూచివచ్చిన ప్రధానోపాధ్యాయులు ఎందరుందురు?

1881 జూలై 4వ తేదీన చర్చి ప్రక్కనున్న పాతబడిన పాకలో ముప్పదిమంది విద్యార్థులతో బడి ప్రారంభమయ్యెను. పదునైదేండ్లకు తక్కువ వయసువారు లేరు. కొందరు నలువదికి దగ్గరవారు. వారిలో పలువురు అప్పటికే పల్లెబడులలో ఉపాధ్యాయులు. వాన కురిసినపుడు ఒక పెద్ద విద్యార్థి తన పాఠము విడిచి లేచి గురువు తలపై గొడుగు పట్టుకొనెడివాడు. విద్యార్థులకు పెద్ద పుస్తకములన్నను, పొడవైన పేర్లుగల విషయములన్నను మక్కువ. ఎక్కములు రాని వారు ఘనమూలములను, బ్యాంకు లెక్కలను చదివితిమని చెప్పుకొనుచుండిరి. ఆరువారములు గడచునప్పటికి ఒలీవియా డేవిడ్సన్ అను ఉపాధ్యాయురాలు వచ్చి చేరెను. బడి పుట్టుకలో ఆమె పాలు ఆయన పాలుకన్న తక్కువది కాదని నా యభిప్రాయము. చరిత్ర ఒక్కరి పేరునే పైకెత్తుట తఱచు జరుగు అన్యాయము.

ఊరికి మైలు దూరమున పాడుపడిన కమతమొకటి అమ్మకమునకు వచ్చెను. నూరెకరములు, వెల ఐదువందల డాలర్లు, సగము ముందు చెల్లించవలెను. హాంప్టన్ కోశాధికారి మార్షల్ తన సొంత సొమ్ము రెండువందల యాబది డాలర్లు అప్పిచ్చెను. యజమాని మేడ కాలిపోగా మిగిలినవి పాత వంటయిల్లు, గుర్రపుసాల, కోళ్ల గూడు మున్నగునవి. గుర్రపుసాలలో తరగతి పెట్టిరి. అది చాలక కోళ్ల గూటిని కడిగి మరియొక తరగతి పెట్టిరి. మధ్యాహ్నములందు పొదలు నరికి నేల సాగుచేయుదమని ప్రధానోపాధ్యాయుడు చెప్పగా విద్యార్థులు ముఖముఖములు చూచుకొనిరి. తాము చదువుటకు వచ్చిరి కాని కూలికి రాలేదు. అందులోను కొందరు తామే పంతుళ్లు. ఆయన వాదింపలేదు. గొడ్డలి భుజాన వేసికొని తానే ముందు నడచెను. గురువు చెట్టు నరుకుచుండగా చూచుచు నిలువలేక ఒక్కొక్కరే వెంట వచ్చిరి. ఇట్లు ఇరువది యెకరముల నేల సాగులోనికి వచ్చెను.

అప్పు తీర్చుటకు డేవిడ్సన్ ఇల్లిల్లు తిరిగెను. తెల్లవారి యిండ్లకును, నల్లవారి యిండ్లకును పోయి రొట్టెయో, కోడియో, తీపి పిండివంటయో అడిగి తెచ్చి, విందులు పెట్టి అమ్మి సొమ్ము కూడబెట్టెను. మూడునెలలలో మార్షల్ అప్పు తీరెను. మరి రెండునెలలకు భూమి పూర్తిగా బడిదయ్యెను. ఇచ్చినవారిలో ధనవంతులు కొద్దిమందియే. బానిసగా బ్రతుకు గడపిన డెబ్బదియేండ్ల ముదుసలి యొకతె చింకిబట్టలతో కఱ్ఱ పట్టుకొని వచ్చి ఆరు కోడిగ్రుడ్లు ఇచ్చి, పిల్లల చదువులో వీనిని కలుపుమని వేడుకొనెను. తరువాతి కాలమున కోటీశ్వరులు ఆ సంస్థకు లక్షలిచ్చిరి. అయినను ఆ ఆరు గ్రుడ్లవలె తన మనసును కదలించిన దానము లేదని ఆయన వ్రాసెను.

పిమ్మట భవనము. ఆరువేల డాలర్ల ఖర్చుతో పోర్టర్ హాల్ అను మొదటి కట్టడమునకు పూనుకొనిరి. విద్యార్థులే కట్టవలెనని ఆయన పట్టు. అనుభవముగల మేస్త్రీలను పెట్టినచో కట్టడము చక్కగా వచ్చునని హితులు చెప్పిరి. వంకరగా కట్టినను సరే, తప్పులుచేసి నేర్చుకొననిండని ఆయన జవాబు. ఊరిలో ఇటుకబట్టీ లేదు; కావున ఇటుకలు సైతము తామే కాల్చవలెను. మోకాలిలోతు బురదలో దిగి మట్టి త్రొక్కుట చూచి కొందరు విద్యార్థులు బడియే విడిచిపోయిరి. ఇరువదియైదువేల ఇటుకలు పేర్చి కాల్చిన మొదటి బట్టీ పాడయ్యెను. రెండవదియు పాడయ్యెను. మూడవది వారము దినములు కాలి, ఇక ముగియుననగా అర్ధరాత్రివేళ కూలిపోయెను. చేత డబ్బు లేదు. విడిచిపెట్టుడని ఉపాధ్యాయులే చెప్పిరి. ఆయన తన గడియారమును మాంట్గొమరీ నగరమునకు తీసికొనిపోయి పదునైదు డాలర్లకు కుదువబెట్టెను. నాలుగవ బట్టీ నిలిచెను. గడువు దాటిపోవుటచే గడియారము మరల చేతికి రాలేదు. బాల్యమున గడియారపు ముల్లును త్రోసిన చేతికి ఇది తగిన జరిమానాయేమో!

ఆ యిటుకల వలన అనుకొనని మేలు కలిగెను. చుట్టుప్రక్కల తెల్లవారికి ఇటుకలు కావలసి బడికి వచ్చి కొనసాగిరి. నల్లవారికి చదువు చెప్పినచో పనికి చెడిపోవుదురని తలచినవారు బేరమునకు వచ్చి మాటలాడి పోవుటతో ఇరుగుపొరుగు చుట్టరికమేర్పడెను. 1900 ప్రాంతమున ఒక్క ఋతువులో పండ్రెండు లక్షల ఇటుకలు అక్కడ తయారయ్యెను. లోపల జరిగినదియు తక్కువది కాదు. క్రొత్తగా చేరిన విద్యార్థి గోడపై పెన్సిలుతో గీయబోయినచో పాత విద్యార్థి చేయి పట్టుకొని, ఈ గోడ కట్టినవారిలో తానొకడనని చెప్పి ఆపెడివాడు. మన బడి గోడలను చూచినపుడెల్ల నాకీ సంగతి జ్ఞప్తికి వచ్చును.

ఇదంతయు సంతోషముగా సాగినదని తలపరాదు. వసతిగృహము తెరచిన తొలిదినములలో వంటకు పొయ్యి లేదు, పాత్రలు లేవు, వేళకు తిండి లేదు. ఒక ఉదయము ఫలహారము దొరకని బాలిక నీరైనను త్రాగుదమని బావికి పోగా చేద త్రాడు తెగియుండెను. ఈ బడిలో నీళ్లైనను దొరకవని ఆమె నిట్టూర్చిన మాట ప్రధానోపాధ్యాయుని చెవిని పడెను. పరుపులు లేక గుడ్డ సంచులలో పైన్ చెట్ల ఆకులు కూరి పండుకొనిరి. రెండు దుప్పట్లిచ్చినచో ఎట్లు పండుకొనవలెనో తెలియక కొందరు రెంటిక్రిందను, కొందరు రెంటిపైనను పండుకొనిరి. పళ్లుతోము బ్రష్షు లేని విద్యార్థి బడిలో ఉండరాదను నియమము మాత్రము ఎన్నడును సడలలేదు.

అన్నింటికంటె పెద్ద చిక్కు తల్లిదండ్రులతో వచ్చెను. మా పిల్లలకు పుస్తకములే చెప్పవలెను, పని చెప్పరాదని వారు ఉత్తరములు వ్రాసిరి. కొందరు స్వయముగా వచ్చి చెప్పిరి. బానిసతనమున తరతరములు వెట్టిచాకిరి చేసినవారికి చేతిపనియన్న ఏవము పుట్టుటలో వింత యేమున్నది? ఆయన వారిపై కోపగింపక ఊరూర తిరిగి, ఒకరికి లొంగి చేయు పనికిని, తనకొరకు తాను చేయు పనికిని గల తేడా వివరించెను. కాలక్రమమున ఉత్తరములు తగ్గెను. రుసుము చెల్లింపలేనివారికి 1884లో రాత్రిబడి పెట్టెను. పగలు పదిగంటలు పని, రాత్రి రెండుగంటలు చదువు. విద్యార్థుల మాట వినుట ఆయనకు మరియొక నియమము. ఏటికి రెండుమూడుమార్లు ప్రతివిద్యార్థియు బడిలోని లోపములను ఉత్తరముగా వ్రాసి తనకీయవలెనని కోరెడివాడు. అది వీలుకానిచో ప్రార్థనమందిరమున సమావేశపరచి మనసిచ్చి మాటలాడుమనెడివాడు. తన యెదుటనే తనను విమర్శించు హక్కు ఇచ్చిన ప్రధానోపాధ్యాయుడాయన.

ఆ సంవత్సరములలో ఆయన యింట దుఃఖము వెంట దుఃఖము వచ్చెను. మొదటి భార్య ఫానీ 1884లో మరణించెను. 1885లో వివాహమాడిన ఒలీవియా డేవిడ్సన్ 1889లో కన్నుమూసెను. ఆమె కట్టిన బడిలో ఆమె లేక మిగిలినవాడై, నెలల తరబడి ఉత్తరాది నగరములు తిరిగి చందాలు పోగుచేసి తెచ్చెను. 1892లో రైతుల మహాసభ మొదలుపెట్టగా కొలదిమంది వత్తురనుకొన్నచోట వందలమంది వచ్చిరి. 1896లో జార్జి వాషింగ్టన్ కార్వర్ అను శాస్త్రజ్ఞుని పిలిపించి వ్యవసాయశాఖ నప్పగించెను. 1906నుండి పనిముట్లతో నిండిన బండియొకటి పల్లెలకు పోయి రైతులకు బోధించెను. బడికి రాలేనివారి వాకిటికి బడియే పోయెనన్నమాట.

ఇంతవరకు చెప్పి ఆపినచో కథ అందముగా నుండును. కాని నిజము సగమే యగును. 1895 సెప్టెంబరు 18న అట్లాంటా నగరమున తెల్లవారు, నల్లవారు కలిసియున్న సభలో ఆయన చేసిన ప్రసంగము దేశమంతట మారుమ్రోగెను. నల్లవారు రాజకీయ సమానత్వమునకై ఇప్పుడు తొందరపడక పనిచేసి సంపాదించి పైకి రావలెనని దాని సారాంశము. తెల్లవారు మెచ్చుకొనిరి. నల్లవారిలో పలువురు, ముఖ్యముగా పండితుడు డుబోయిస్, 1903లో దానిని తీవ్రముగా ఖండించెను. ఓటుహక్కు లేక, ఉన్నతవిద్య లేక, సంపాదించినది నిలుపుకొనుట యెట్లని ఆయన వాదము. ఆ వాదము న్యాయమైనదని నాకు తోచును. ఆ సంవత్సరములలోనే దక్షిణాది రాష్ట్రములు ఒక్కొక్కటిగా నల్లవారి ఓటు తీసివేసెను. మూకలు నల్లవారిని చంపుచుండెను. వాషింగ్టన్ తనను విమర్శించినవారిని చాటుగా అణచుటకు యత్నించిన మాటయు నిజము. విద్యార్థుల విమర్శను కోరి విన్నవాడు సాటి నాయకుల విమర్శను సహింపలేకపోయెను. అయితే ఆయన మరణానంతరము దొరకిన కాగితములవలన ఇంకొక సంగతి బయటపడెను. 1901లో అలబామా రాజ్యాంగము నల్లవారి ఓటు తీసివేయగా దానిపై సుప్రీంకోర్టువరకు సాగిన వ్యాజ్యములకు ఆయన రహస్యముగా ధనమిచ్చెను. బయట ఒక మాట, లోపల మరియొక పని. చుట్టును తుపాకులు గల చోట బడిని కాపాడుకొనవలసినవాడు అంతకంటె ఏమి చేయగలిగియుండునో చెప్పుట నాకు కష్టము.

1903లో దక్షిణాఫ్రికానుండి వెలువడు ఇండియన్ ఒపీనియన్ పత్రికలో గాంధీజీ ఈయన జీవితమును గూర్చి వ్యాసము వ్రాసి భారతీయులకు పరిచయము చేసెను. జూలియస్ రోజెన్‌వాల్డ్ అను వర్తకుని ధనసహాయముతో పల్లెలలో నల్లవారి పిల్లలకు బడులు కట్టు పథకము వాషింగ్టన్ చివరి సంవత్సరములలో మొదలయ్యెను. గ్రామస్థులు తమ వంతు సొమ్మో, శ్రమయో ఇచ్చిననే సహాయమందును. 1932నాటికి దక్షిణాదిని ఇంచుమించు ఐదువేల బడులు అట్లు లేచెను.

1915 నవంబరులో న్యూయార్కు నగరమున ఆయన జబ్బుపడెను. ఇక ఎక్కువ కాలము బ్రతుకడని వైద్యులు చెప్పగా, తన యూరికి తీసికొనిపొమ్మని పట్టుబట్టి రైలెక్కెను. టస్కెగీ చేరిన కొలది గంటలకే, నవంబరు 14వ తేదీన, విద్యార్థులు కాల్చిన ఇటుకలతో విద్యార్థులే కట్టిన తన యింట కన్నుమూసెను. అప్పటికి ఆ బడిలో ఇంచుమించు పదునైదువందల మంది చదువుచుండిరి. కట్టడములు నూటికి మించియుండెను.